పాట పుస్తకములో ఉన్నది, రాగము ఎక్కడున్నది?

ఇంటిలోనే పాటలు రికార్డు చేసుకొనే కుటుంబాలకు కొన్ని మాటలు

బైబిలులో 22వ కీర్తన తెరచి చూడండి. మొదటి వచనానికి పైన, ఆ కీర్తనను ఏ రాగము మీద పాడాలో ఆ రాగము పేరు వ్రాయబడి ఉన్నది. 56, 57 కీర్తనలకు కూడ అలాగే ఉన్నది. పేర్లు నేటికీ చదువుకుంటున్నాము. ఆ రాగాలు ఎలా ఉండేవో నిశ్చయముగా పాడి వినిపించగలవారు నేడు లేరు. మాటలు వ్రాసి పెట్టారు గనుక మాటలు మిగిలినవి. వరుస మాత్రము పాడినవారి గొంతులతోపాటే వెళ్ళిపోయింది.

ప్రియ పాఠకులారా, మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంగతి కూడ ఇంచుమించు ఇంతే. చాలా కీర్తనల పైన రాగము పేరు, తాళము పేరు అచ్చువేసి ఉంటాయి. అయితే మన గ్రామ సంఘాలలో ఆ పేర్లు చూచి పాడేవారు ఎందరు? అమ్మ పాడగా విని నేర్చుకున్నాము. అమ్మ వాళ్ళ అమ్మ దగ్గర విని నేర్చుకున్నది. అందుచేతనే ఒకే కీర్తన ఒక ఊరిలో ఒక వరుసలో, నాలుగు ఊళ్ళ అవతల మరొక వరుసలో వినిపిస్తుంది. ఆ వరుసలు ఏ పుస్తకములోను లేవు. డెబ్బది, ఎనుబది ఏండ్లు దాటిన పెద్దల గొంతులలో ఉన్నవి. ఒక్కొక్క భూస్థాపనతో ఒక్కొక్క వరుస మట్టిలో కలిసిపోతున్నది.

దీనికి నివారణ మన ఇండ్లలోనే ఉన్నది. చదువుకొనే పిల్లల కోసము కొన్న కంప్యూటరు, జేబులోని ఫోను, వీటితోనే పాటను చక్కగా రికార్డు చేయవచ్చు. కాని సాధనము ఉన్నంత మాత్రాన పని కాదు గదా! మన యౌవనస్థులు కొందరు అప్పుచేసి పరికరాలు కొంటున్నారు. తీరా పాట వింటే లోపల ఫ్యాను శబ్దము, గోడల మ్రోత. కావలసినది ఖరీదు కాదు. నిశ్శబ్దము, చెవి, ఓపిక. ఈ మూడింటి సంగతే ఇక్కడ వివరిస్తున్నాము.

స్టూడియో ఇంటికి వచ్చిన విధము

తెలుగు పాటల రికార్డింగు చాలా కాలము మద్రాసు స్టూడియోలలో జరిగేది. పెద్ద టేపు యంత్రాలు, బల్లంత మిక్సరు, వాటిని నడిపే ఇంజనీరు ఉండేవారు. ఒక ముక్క తీసివేయాలంటే టేపును బ్లేడుతో కోసి తిరిగి అంటించేవారు. 1979లో జపానుకు చెందిన టియాక్ సంస్థ, టాస్కామ్ అనే తన మార్కుతో పోర్టాస్టూడియో అనే పెట్టెను తెచ్చింది. దానిలో మామూలు కేసెట్టు మీదనే గొంతు, వాయిద్యాలు నాలుగు భాగాలుగా విడివిడిగా రికార్డు చేయవచ్చు. ఇంటి రికార్డింగుకు అది గొప్ప మలుపు.

ఆ తరువాత కంప్యూటరు వచ్చింది. 1991లో అమెరికాలో డిజిడిజైన్ సంస్థ ప్రో టూల్స్ విడుదల చేసింది. టేపు యంత్రము, మిక్సరు, బ్లేడు చేసే పనులన్నీ తెర మీదనే చేసే ఇటువంటి ప్రోగ్రామును డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అంటారు. వాడుకలో పొట్టిగా ‘డా’ అంటారు. మొదట ఇవి సామాన్యునికి అందని ధరలో ఉండేవి. 1999లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో డొమినిక్ మజ్జోని, రోజర్ డానెన్‌బర్గ్ అనే ఇద్దరు ఒక ప్రోగ్రాము మొదలుపెట్టి, 2000లో దానిని ఉచితముగా లోకానికి ఇచ్చారు. దాని పేరు ఆడాసిటీ. నేటికీ అది ఉచితమే. ఆపిల్ కంప్యూటరు ఉన్నవారికి గరాజ్‌బ్యాండ్ ఉచితము. ఫోనులో చేసుకొనేవారికి బ్యాండ్‌ల్యాబ్ కలదు. మొదలుపెట్టే కుటుంబానికి వీటిలో ఏదైనా చాలును.

ముందు గది, తరువాత మైకు

మంచి మైకు ఏది అని అందరు అడుగుతారు. మంచి గది ఏది అని అడిగేవారు తక్కువ. సిమెంటు గోడలు, బండల నేల ఉన్న ఖాళీ గదిలో చప్పట్లు కొట్టి చూడండి. ఆ మ్రోత వెంటనే తెలుస్తుంది. పాడే గొంతుకు కూడ అదే గతి. ఒకసారి రికార్డులో కలిసిన మ్రోతను పూర్తిగా విడదీయటం చాలా కష్టము.

గనుక మెత్తని వస్తువులున్న గదిని ఎన్నుకోండి. పరుపులు, బొంతలు, దుప్పట్లు దండెము మీద వేసి పాడేవారి వెనుక, ప్రక్కల కట్టండి. క్రింద చాప చాలదు. మందపాటి జంపఖానా పరచండి. మైకు ముందువైపు ధ్వనినే ఎక్కువగా తీసుకుంటుంది గనుక, మైకు చూచే దిక్కున, అంటే పాడేవారి వీపు వెనుక, బొంత తప్పక ఉండాలి.

తరువాత శబ్దాలు. ఫ్యాను ఆపండి. ఫ్రిజ్ ఆపండి, మరల వేయటం మరచిపోకుండా ఇంటి తాళపుచెవి ఫ్రిజ్‌లోనే పెట్టండి, తలుపు తీయటానికి వెళ్ళినప్పుడు గుర్తుకు వస్తుంది! ల్యాప్‌టాప్ అయితే చార్జరు తీసివేసి బ్యాటరీ మీదనే నడపండి. కరెంటు తీగ వలన వచ్చే గుయ్‌మనే శబ్దము చాలాసార్లు దానితోనే పోతుంది. రేకుల ఇల్లయితే వానకాలములో ఈ పని పెట్టుకోవద్దు. కోడి కూయక ముందు, లేదా రాత్రి ట్రాక్టర్లు, ఆటోలు సద్దుమణిగిన తరువాత మంచి సమయము.

మైకు, దూరము

మందిరములో వాడే చేతి మైకు సాధారణముగా డైనమిక్ రకము. అది దగ్గరి ధ్వనిని బాగా తీసుకుంటుంది, దూరపు ధ్వనిని అంతగా పట్టించుకోదు. గేదె అరిచినా, ప్రక్క ఇంటి టీవీ మ్రోగినా కొంత సహిస్తుంది. కండెన్సరు మైకు చాలా సున్నితమైనది. దానికి 48 వోల్టుల కరెంటు అందించాలి. గొంతులోని సన్నని సొగసును పట్టుకుంటుంది, వీధిలోని సైకిలు గంటను కూడ పట్టుకుంటుంది. పల్లెటూరి ఇంటిలో మొదట డైనమిక్ మైకుతోనే మొదలుపెట్టమని మా సలహా.

ఈ మైకులను కంప్యూటరుకు కలపటానికి ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె కావాలి. మైకు నుండి వచ్చే సన్నని విద్యుత్తును బలపరచి, అంకెలుగా మార్చి కంప్యూటరుకు అందించటం దాని పని. అంత స్తోమత లేనివారు యు.ఎస్.బి. మైకు వాడవచ్చు. అది కూడ లేనివారు ఫోనుతో మొదలుపెట్టండి. గది బాగుంటే ఫోను రికార్డు కూడ వినటానికి హాయిగానే ఉంటుంది.

దూరము సంగతి. డైనమిక్ మైకుకు బెత్తెడు, కండెన్సరుకు జానెడు ఉంటే చాలును. ‘ప’, ‘బ’, ‘భ’ అక్షరాల దగ్గర ఊపిరి మైకుకు తగిలి ఢబ్‌మని వినిపిస్తుంది. ఆడపిల్లలు కుట్టుపనికి వాడే చెక్క చట్రానికి పలుచని గుడ్డ బిగించి మధ్యలో నిలిపితే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

కంప్యూటరు ఏమి చేస్తున్నది?

సినిమాలో బొమ్మ కదులుతున్నట్లు కనిపించినా, నిజానికి సెకనుకు 24 నిలకడ బొమ్మలు మన కన్నుల ముందు జరుగుతాయి. కంప్యూటరు ధ్వనిని కూడ అలాగే ముక్కలుగా కొలుస్తుంది. కాని సెకనుకు 44,100 సార్లు, లేదా 48,000 సార్లు. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకే వినగలదు. దానికి రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలిస్తే చెవికి అందేది ఏదీ తప్పిపోదు. ప్రతి కొలతను ఎంత సూక్ష్మముగా వ్రాసుకోవాలో తెలిపేవి బిట్లు. 16 బిట్లు అంటే 65,536 మెట్లు. 24 బిట్లు అంటే 1 కోటి 67 లక్షలకు పైగా మెట్లు. ప్రోగ్రాము తెరవగానే 48,000, 24 బిట్లు అని పెట్టుకోండి. ఇక దానిని గురించి ఆలోచించనక్కరలేదు.

ఈ లెక్కన ఒక గొంతుకు నిమిషానికి 8.6 మెగాబైట్ల స్థలము పడుతుంది. అయిదు నిమిషాల పాటను నాలుగు వరుసలలో రికార్డు చేస్తే సుమారు 173 మెగాబైట్లు. మొదలుపెట్టక ముందే స్థలము చూచుకోండి.

అన్నిటికంటె ముఖ్యమైనది గొంతు మట్టము. తెర మీద ఒక కొలబద్ద ఉంటుంది. దాని కొన సున్న. పాటలో అతి గట్టి స్థలము వద్ద కూడ అది సున్నకు 12 డెసిబెల్స్ దిగువన ఉండునట్లు సరిచేయండి. తక్కువగా రికార్డయినదానిని తరువాత పెంచుకోవచ్చు. సున్నను దాటి చిట్లిన గొంతు మాత్రము పగిలిన కుండ వంటిదే. అందుకని పాడేవారిచేత ముందుగా పై స్థాయి చరణము పాడించి మట్టము చూడాలి.

మళ్ళు, గట్లు, నీళ్ళు

మన పాఠకులు చాలామంది రైతులు గనుక వారి మాటలోనే చెబుతాము. వర్క్‌స్టేషనులో ఒక్కొక్క ట్రాకు ఒక్కొక్క మడి. గొంతుకు ఒక మడి, హార్మోనియముకు ఒకటి, డోలకుకు ఒకటి, కోరసుకు ఒకటి. మధ్య గట్లు ఉన్నవి గనుక ఒక మడికి నీరు పెంచినా ప్రక్క మడి మునగదు. డోలకు గట్టిగా పడితే దానినే తగ్గించవచ్చు. కోరసులో ఒకరు తప్పు పాడితే కోరసునే తిరిగి పాడించవచ్చు. దీనికి ఒక్కటే షరతు: గట్టు తెగకూడదు. గొంతు రికార్డు చేసేటప్పుడు హార్మోనియము శబ్దము స్పీకరులో నుండి వస్తే అది మైకులో దూరి రెండు మళ్ళూ కలిసిపోతాయి. గనుక పాడేవారు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని, వాటిలో వింటూ పాడాలి.

ఆ హెడ్‌ఫోన్లు తీగ ఉన్నవే కావాలి. బ్లూటూత్ వాటిలో ధ్వని ఆలస్యముగా చేరుతుంది, తాళము తప్పుతుంది. కంప్యూటరు కూడ కొంత ఆలస్యము చేస్తుంది. ప్రోగ్రాములో బఫర్ అనే అంకె 256 దగ్గర ఉంటే, 48,000 లెక్కన, ఆ ఆలస్యము వెయ్యింట అయిదు సెకన్ల పైచిలుకు మాత్రమే, చెవికి తెలియదు. అదే 1024 దగ్గర ఉంటే వెయ్యింట 21 సెకన్లు. పాడేవారికి ఇబ్బంది మొదలవుతుంది. రికార్డు చేసేటప్పుడు ఆ అంకె తక్కువగా, తరువాత సరిచేసేటప్పుడు ఎక్కువగా ఉంచుకోవాలి.

తాళము కోసము టిక్కు టిక్కుమనే క్లిక్ ఒకటి ప్రోగ్రాములోనే ఉంటుంది. యౌవనస్థుల పాటలకు అది మేలు. పెద్దలకు మాత్రము దానిని పెట్టవద్దు. వారు ఊపిరి తీసుకొనే చోట తాళము ఆగుతుంది, భావము నిండిన చోట సాగుతుంది. ముందు వారి గొంతును శ్రుతి మీద మాత్రమే రికార్డు చేసి, తరువాత వారి నడకకు తగినట్లు డోలకు వాయించండి. పాటను వాయిద్యము వెంట పరుగెత్తించకూడదు.

మెరుగులకు మితము

రికార్డు అయిన తరువాత శుభ్రము చేసే పని. గొంతు ట్రాకులో 80 కంపనాలకు దిగువనున్న భాగమును కోసివేయవచ్చు. అక్కడ గొంతు దాదాపు ఉండదు, గాలి, అడుగుల చప్పుడు, కరెంటు మ్రోత ఉంటాయి. డోలకు ట్రాకులో అలా కోయవద్దు. ఎడమ చేతి గుమికి అదే స్థానము. కంప్రెసరు అనేది గట్టి పలుకును కొంచెము అణచి, మెత్తని పలుకును వినిపింపజేస్తుంది. రివర్బు అనేది పెద్ద మందిరములో పాడినట్టు మ్రోత కలుపుతుంది. అది కూరలో ఉప్పు వంటిది. ఉన్నదని తెలిసిందంటే ఎక్కువైనట్టే.

ఇక శ్రుతి సరిచేసే ప్రోగ్రాములు. వీటిలో మొదట పేరుపొందినది ఆటో-ట్యూన్, 1997లో వచ్చింది. దీనిని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకు ముందు చమురు అన్వేషణలో భూమి లోపలి కంపనాలను లెక్కకట్టే పని చేసినవాడు. పాడిన స్వరము కొంచెము తప్పితే దగ్గరి స్వరానికి అది లాగుతుంది. చిన్న తప్పు దిద్దుకోవటానికి అభ్యంతరము లేదు. అయితే మన కీర్తనలలో స్వరము ఊగుతుంది, జారుతుంది. దానినే గమకము అంటాము. హార్మోనియము మెట్ల వంటి స్వరాలకు లాగే యంత్రానికి గమకము తప్పుగా కనిపిస్తుంది, దానిని చదును చేస్తుంది.

మేము ఎరిగిన ఒక గ్రామములో ఒక వృద్ధ సహోదరి ఉండేది. ఒక కీర్తన మూడవ చరణమును ఊరిలో మరెవ్వరు పాడని వరుసలో పాడేది. ఆమె మనుమడు ఒక వేసవి రాత్రి ఫోనులో ఆమె పాటను రికార్డు చేసి, కంప్యూటరులో శ్రుతి సరిచేసే మీట గట్టిగా పెట్టి ఇంటివారికి వినిపించాడు. పాట నున్నగా ఉన్నది. వాని తల్లి విని, “ఇది మా అత్త గొంతు కాదురా” అన్నది. అసలు రికార్డు ఫోనులో అలాగే ఉన్నది గనుక సరిపోయింది. ఆ వృద్ధురాలు ఇప్పుడు లేదు. అక్కడి స్త్రీల సమాజము వారు ఆ మూడవ చరణమును ఆ రికార్డు వినే నేర్చుకున్నారు. నున్నగా చేసినదానిని కాదు, అసలుదానిని.

ఇందులో మనమందరము గ్రహించవలసిన నియమము ఒకటున్నది. అసలు రికార్డును ఎన్నడు చెరపవద్దు. మెరుగులన్నీ దాని నకలు మీదనే చేయండి.

న్యాయముగా చేయుట

దేవుని పాటలు రికార్డు చేస్తున్నాము గదా అని దొంగ ప్రోగ్రాములు వాడే అలవాటు కొందరిలో ఉన్నది. ఖరీదైన ప్రోగ్రామును తాళము పగులగొట్టి పంచేవారి దగ్గర తీసుకొనటం దొంగసొత్తు పుచ్చుకొనటమే. పైగా వాటితో వైరసులు వచ్చి పిల్లల చదువు ఫైళ్ళు కూడ పాడవుతాయి. ఉచితముగా ఇచ్చినవి ఉండగా ఆ అవసరము ఏమున్నది?

పాటల హక్కుల సంగతి కూడ తెలిసి ఉండాలి. 1957 నాటి మన కాపీరైటు చట్టము ప్రకారము రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరాల వరకు పాట మీద హక్కు ఉంటుంది. పురుషోత్తమ చౌదరిగారు 1803లో జన్మించి 1890లో గతించారు. వారి కీర్తనలను ఎవరైనా పాడి రికార్డు చేయవచ్చు. ఇటీవలి రచయితల పాట అయితే అనుమతి అడగాలి. పాత కీర్తనే అయినా, ఈ మధ్య ఎవరో రికార్డు చేసిన వాయిద్యాల ట్రాకును తీసుకొని దాని మీద పాడి మనదిగా పంచటం న్యాయము కాదు. ఆ వాయిద్యకారునికి కూడ కుటుంబమున్నది.

పెద్దలను రికార్డు చేసేటప్పుడు కూడ ముందుగా వారిని అడగండి. ఇంటివారి కొరకా, సంఘము కొరకా, అందరు వినుటకా అనేది స్పష్టముగా చెప్పండి. వద్దంటే బలవంతము చేయవద్దు.

దాచుకొనే పద్ధతి

రికార్డు ముందు భాగములోనే పాడేవారి పేరు, ఊరు, తేదీ, కీర్తన సంఖ్య, ఎవరి దగ్గర నేర్చుకున్నారో వారి నోటితోనే చెప్పించండి. కాగితము పోయినా ఆ మాట పాటతోనే ఉంటుంది. దాచుకొనేది వేవ్ గాని, ఫ్లాక్ గాని కావాలి. ఇవి ధ్వనిలో ఏదీ పోగొట్టవు. ఎం.పి.3 కొంత తీసివేసి చిన్నదిగా చేస్తుంది. బంధువులకు పంపటానికి అది చాలును. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్లు చేరుతుంది. ఒకే చోట ఉంచవద్దు. కంప్యూటరులో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి, వేరే ఊరిలోని బంధువుల ఇంటిలో ఒకటి, మూడు ప్రతులు ఉండాలి. ఏడాదికి ఒకసారి తెరచి విని, పాతబడిన పెన్‌డ్రైవు మార్చండి.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుంటే విసుగుకొనవద్దు. వారికి ఈ పని అప్పగించండి. యౌవనస్థులారా, కొత్త పాటలు చేయండి, మంచిదే. అయితే ముందుగా మీ వీధిలో వయస్సులో పెద్దవారి దగ్గరకు వెళ్ళండి. వారికి మంచినీళ్ళిచ్చి, మంచము మీద హాయిగా కూర్చోబెట్టి, వారికి ఇష్టమైన కీర్తన ఒకటి పాడమనండి. దగ్గు వచ్చినా, చరణము మరచినా ఆపవద్దు. రికార్డు నడుస్తూనే ఉండనివ్వండి. మరచిన చరణము కొంతసేపటికి వారికే గుర్తుకు వస్తుంది. పైరు పనులు తగ్గిన ఈ నెలలోనే ఆ పని చేయండి.